కరెంటు పోయిన నలభై నిమిషాలు

గుంతకల్లు,
17-7-2002

గంగాభాగీరథీ సమానురాలైన మా మేనత్త తిమ్మక్కగారి దివ్యపాదాలకు, అల్లుడు వెంకటరాముడు తల వంచి, నడుము వంచి చేసుకునే నమస్కారాలు.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరంలో దొర్లబోయే తప్పులకూ, దీని తర్వాత నేను రాయబోయే ఉత్తరాలన్నిటిలోని తప్పులకూ కలిపి ఒకేసారి చెప్పేసుకుంటున్నాను, మళ్ళీ మళ్ళీ నీకు శ్రమ లేకుండా. బి.ఎస్సీ. చదివి దేవుడంటే భయం లేకుండా తయారైనందుకు క్షమించు. సప్తాహం ఐదోరోజు మధ్యాహ్నం మన ఎర్రబండపల్లె భజన మందిరంలో నేను ఉన్నందుకు క్షమించు. ఉండకపోయుంటే ‘యాడికి పోయినాడప్పా వీడు’ అని నువ్వే తిట్టేదానివి, అందుకూ క్షమించు. వాన పడినందుకు క్షమించు. ఒక్కరోజే పడి మానేసినందుకు మరింత క్షమించు. కరెంటు పోయినందుకు కరెంటాఫీసు తరఫున కూడా నేనే చెబుతున్నాను, వాళ్ళు ఎలాగూ చెప్పరు.

నిన్న నాయన సోమందేపల్లె ఎస్టీడీ బూత్ నుంచి అన్నవాళ్ళ క్వార్టర్స్ పక్కింటికి ఫోన్ చేశాడు. పక్కింటి గార్డుగారు నన్ను పిలిచి, రిసీవర్ చేతికిచ్చి, మర్యాదగా దూరంగా పోయి నిలబడ్డారు. మర్యాద ఏమీ ఉపయోగపడలేదు. నాయన గొంతు వరండా దాకా వినిపించింది. “ఏరా, దేవుని ముందర టేపు పెట్టినావంట గదరా! మీ అత్త ఊళ్ళో మొగం ఎట్ల ఎత్తుకోవల్లరా?” లైను తెగిందో, నాయనే తెంపాడో తెలియదు.

నా మీద మోపిన నేరం నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవాలి కదా. డిగ్రీ చదివినవాణ్ణి, సొంత మాటల్లో రాస్తాను, తప్పుంటే దిద్దు. విత్తనం వేయడానికి వాన లేదని ఊరు ఏడురోజుల సప్తాహం పెట్టుకుంది. ఏడురోజులూ రామనామం ఒక్క క్షణం ఆగకూడదు. జట్లు మూడేసి గంటలు వంతులవారీగా పాడాలి. పాడే మగవాళ్ళలో సగంమంది బెంగళూరులో సిమెంటు మోస్తున్నారు, వంతులు చాలలేదు. అప్పుడు నువ్వు లేచి, “మధ్యాన్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆడోళ్ళం మేం పాడతాం” అన్నావు. ఆడవాళ్ళు మందిరంలో కూర్చుని తాళాలు పట్టడం మన భజన గురువు పుల్లన్న తాత డెబ్బయ్యేళ్ళలో చూసి ఎరగడు. గత్యంతరం లేక ఒప్పుకుంటూ షరతు పెట్టాడు: “మీ వంతులో నామం తెగిందంటే, ఇంక ఈ గడప మీరెవురూ తొక్కగూడదు.” నువ్వు సరే అన్నావు. ఆలోచించకుండా సరే అనడం మన వంశంలోనే ఉంది.

ఐదోరోజు మీ వంతులోనే వాన వచ్చింది. మూడు గంటలకు పుల్లన్న తాత జట్టు మందిరానికి వచ్చేసరికి లోపల మీ పన్నెండుమందిలో ఒక్కరూ లేరు. ఉన్నది ఇద్దరు. మైకు సెట్టు తెచ్చిన సోమందేపల్లె యేసన్న, చేతిలో క్యాసెట్టుతో నేను. ఇదీ ఆరోపణ. దీనికి ముద్దాయి ఏమంటాడయ్యా అంటే, ముద్దాయి ఏమీ అనడు. నోరు తెరిస్తే ఏమవుతుందో ముద్దాయికి ఒకసారి తెలిసొచ్చింది.

అది వదిలెయ్. నువ్వెట్లున్నావు? ఐదురోజులు మజ్జిగ మీద ఉంటే కళ్ళు తిరగవా? దేవుణ్ణి చూడాలంటే ముందు కళ్ళు నిలబడాలి అత్తా.

రైల్వే పరీక్ష బాగానే రాశాను. రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తే ఎప్పుడు కలుస్తాయని అడిగారు. గుంతకల్లులో అయితే అవుటర్లో ఆగుతాయి, కలవవు. అలా రాయలేదులే.

నీ అల్లుడు,
వెంకటరాముడు

*

శ్రీరామ

ఎర్రబండపల్లె,
21-7-2002

అల్లుడు ఎంకట్రాముడికి మీ అత్త తిమ్మక్క రాసేది.

నీ జాబు చేరింది. నవ్వొచ్చింది, కోపమొచ్చింది. రెండూ ఒకేసారి తెప్పిచ్చే చదువు ఏం చదివినావో. నాకు రామకోటి రాసి రాసి శ్రీ, రా, మ మూడక్షరాలే వస్తాండె. మిగతావన్నీ నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నెప్పుడు నా పక్కన కూచోని నేర్పిచ్చినావు. ఇప్పుడు నువ్వు నేర్పిన అక్షరాల్తోనే నిన్ను తిడతాండా. సరిగ్గా రాస్తాండానో లేదో చూసుకో.

నువ్వు రాసిందాంట్లో లేనిది నేను చెప్తా. ఆ పొద్దు ఒంటిగంట దాటినాక నాకు తల తిరిగింది. పడిపోయినా. ఐదుమంది నన్ను ఎదురుగ్గా ఉండే అక్కమ్మ ఇంట్లోకి మోసకపోయినారు. ఆరుమంది లోపలే పాడతాండారు. అంతలో వాన. మిద్దెల మీద శెనక్కాయ విత్తనం ఆరబోసినోళ్ళంతా అరుపులు, కేకలు. లోపల ఉన్నోళ్ళు, మోసకపోయినోళ్ళు తిరిగొచ్చింటారులే అనుకోని ఒకరెనక ఒకరు విత్తనానికి ఉరికినారు. మోసకపోయినోళ్ళు, లోపల ఆరుమంది ఉండారు గదా అనుకోని వాళ్ళ మిద్దెలకు వాళ్ళు ఎక్కినారు. తప్పు ఎవురిదని చెప్పల్ల? ఆ విత్తనం పోతే ఏడాది పోయినట్ల.

నాకు తెలివొచ్చేతలికి మైకు హారన్లో రామా అని ఇనపడతాండె. నాకు పానం లేచొచ్చింది. గొంతు ఎవురిదని ఆలోచన చేయల్యా. పాడతాండారు, అంతే చాలు. మల్లా కండ్లు మూసుకున్న్యా. రెండూ ఇరవైకి కరెంటు పోయింది, హారన్ నిలిచింది. వానకు కరెంటు పోయేది మనకేం కొత్తా?

మూడు గంటలకు పుల్లన్న పెదనాయన జట్టు కట్టు ప్రకారమే వచ్చినారు. వంతు మారేటప్పుడు వచ్చే జట్టు గడప అవతల్నే నామం ఎత్తుకోవల్ల, లోపలోళ్ళు అది ఇని లేయల్ల, నామం నడాన తెగగూడదని. వాళ్ళు వాకిట్లో ఎత్తుకోని లోపలికి చూస్తే మావోళ్ళు లేరు. నువ్వు క్యాసెట్టు పట్టుకోని నిలబడి, “సరిగ్గా వచ్చినావు తాతా, టేపు అయిపోయేదానికొచ్చింది” అన్న్యావంట. ఆయప్ప జట్టంతా ఇన్న్యారు. ఐదు గంటల బస్సుకు నువ్వు ఎల్లిపోతివి. ఆ మాట మాత్రం ఈడ్నే ఉండిపోయింది.

ఇప్పుడు అందరూ ఏమంటాండారంటే, హారన్లో ఇనపడింది మొగ గొంతు, ఆడోళ్ళ వంతులో మొగ గొంతు యాడిది, అది టేపే అని. సరే టేపు గాదనుకుందాం, కరెంటు పోయినాక నలభై నిమిషాలు పాడినోళ్ళెవురు అని. పెదనాయన వచ్చే ఏకాదశికి అందర్నీ పిలిచినాడు. ఆ పొద్దు తేల్చేస్తాడంట.

అల్లుడా, నేను నిన్ను ఒకటే అడుగుతా. పాడింది టేపా, మనిషా? టేపు అయితే నామం తెగినట్లే. ఒకరు చెప్పేపనిల్యా, నేనే గడప దిగేస్తా. పదకొండుమంది నన్ను నమ్మి కూచున్న్యారు, వాళ్ళకు నేను చెప్పుకోవల్ల. నాకు పిల్లా జెల్లా లేరు. చేను ఉండీ లేనట్ల. ఉండేది ఆ ఒక్క గడప. అది ఉంటాదా పోతాదా నీ నోట్లో ఉండాది.

జోకులు రాయద్దు.

మీ అత్త,
తిమ్మక్క

*

గుంతకల్లు,
25-7-2002

పూజ్యురాలైన అత్తకు,

జోకులు రాయొద్దన్నావు. ఇది చేపను తడవొద్దు అన్నట్లుంది, అయినా ప్రయత్నిస్తాను.

నాయన మళ్ళీ ఫోన్ చేశాడు. ఊళ్ళో సగంమంది ఇంకో మాట కూడా అంటున్నారట, నువ్వు రాయలేదు. తిమ్మక్క భక్తికి మెచ్చి స్వామే దిగివచ్చి ఆమె వంతు పాడాడని. నాకు ఈ వాదం బాగా నచ్చింది. దీన్ని ఎందుకు కాదనాలి? స్వామికి మగ గొంతు ఉంది. వానకు తడవడు. కరెంటు అక్కర్లేదు. స్వామి పాడాడంటే పుల్లన్న తాత ఎవరి మీద కేసు పెడతాడు? నువ్వేమీ అబద్ధం చెప్పక్కర్లేదు. ఏకాదశి రోజు కళ్ళు మూసుకుని గమ్మున కూర్చో. మిగతాది ఊరే చెబుతుంది. గడప నీదవుతుంది, హారతి కూడా ముందు నీకే ఇస్తారు.

ఇంకో మాట, ఇది మాత్రం జోకు కాదు. నామం తెగింది, తెగింది అంటున్నారే, అదేమన్నా పురికొసా? మూడోరోజు తెల్లవారుజామున పుల్లన్న తాత జట్టు పాడుతున్నప్పుడు నేను చూశాను. నలుగురు గోడకానుకుని గురక పెడుతున్నారు, ఐదోవాడు తాళాలను నిద్రలో కొడుతున్నాడు, తాత ఒక్కడే ‘రా’ అని, అరనిమిషం తర్వాత ‘మ’ అన్నాడు. ఆ నడుమ రాముడు ఎక్కడ ఉన్నాడు? అక్కడ తెగనిది మీ దగ్గర ఎలా తెగుతుంది? మగవాడి నిద్రలో కూడా నామం నడుస్తుందట, ఆడదాని స్పృహ తప్పితే మాత్రం తెగిపోతుందట. ఈ శాస్త్రం ఎవరు రాశారో నాకు చూపించమను, నేను లైబ్రరీలో వెతికి పెడతాను.

నువ్వు అడిగినదానికి జవాబు ఇది కాదని నాకు తెలుసు. జవాబు చెప్తే నీకు మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో తేలక స్వామి మీదికి తోస్తున్నాను. ఆయన భుజాలు పెద్దవి.

రామకోటి అరవై మూడు లక్షలు దాటిందా? కోటి నిండిన రోజు దేవుడు కనపడితే ఫోటో తీయించు, నేను నమ్ముతాను.

నీ అల్లుడు,
వెంకటరాముడు

*

శ్రీరామ

ఎర్రబండపల్లె,
29-7-2002

అల్లుడికి,

నీ జాబు సదివి పొయ్యిలో పెడదామనుకున్న్యా. అందులో పెదనాయన గురకల సంగతి ఉండాదని దాచిపెట్టినా.

నువ్వు చెప్పిన దేవుడు వచ్చి నా వాకిట్లో కూచున్న్యాడు, ఎట్లనో చెప్తా ఇను. మొన్న శనివారం అక్కమ్మ టెంకాయ తీసుకోనొచ్చి నా కాళ్ళకు మొక్కింది. “ఏందే ఇది?” అంటే, “నీకోసం స్వామి దిగొచ్చినాడు గదక్కా, మా పిల్లోనికి దుబాయి వీసా రావల్లని చెప్పు” అనె. నేను టెంకాయ దాని చేతికే ఇచ్చి తరిమినా. ఈ పొద్దు ఇంకా నలుగురొచ్చినారు. ఒకామె నా పాదం కింద మట్టి కొంగులో మూట కట్టుకోని పోయింది. అది కల్లం ఊడ్చిన మట్టే, దాంట్లో ఏముండాది?

ఒరే, నేను దేవుణ్ణి చూడల్లనుకున్న్యా. దేవుడని అనిపిచ్చుకోవల్లని ఎప్పుడన్నా అనుకున్న్యానా? ముప్పై ఏండ్లుగా రాస్తాండా, పిలుస్తాండా. పిలిచేది మన పని, పలికేది ఆయప్ప పని. పిలిచే పని గూడా ఆయప్పకే పెడితే ఇంక మనమేమిటికి? ఆయప్ప నా వంతు పాడినాడని ఒప్పుకోని ఆ గడప ఎక్కితే, జీవితంలో నేను చేసిన ఒక్క మంచి పని గూడా దొంగ పనైపోతాది. అట్లాంటి గడప నాకొద్దు. దిగనన్నా దిగుతా గానీ అబద్ధం మింద నిలబడను. నువ్వు చెప్పినట్ల కండ్లు మూసుకోని కూచునేదాన్ని గాదు నేను.

ఇంకో సంగతి. యేసన్న హారన్లు దించుకోను వచ్చిన్న్యాడు. పెదనాయన వాళ్ళు నిలబెట్టి అడిగినారు. “టేపా? నా టేపు రీలు మింగి మూడు నెల్లయింది గదన్నా, మీరే చూసుకోండి” అని పెట్టె తెరిచి చూపిచ్చినాడు. నిజమే, లోపల రీలు పురుగు మాదిరి చుట్టుకోనుండాది. “అట్లైతే పాడిందెవురప్పా?” అంటే మాత్రం నేల చూసినాడు. “ఒట్టేసినా, చెప్పను” అన్న్యాడు. “నీ మాట ఈడ చెల్లదులే” అని పెదనాయన లేచిపోయె.

నాకు అప్పుడు అర్థమయింది. పాడింది యేసన్న. వాడి పేరు బయటికొస్తే వాని పొట్ట మింద కొడతారని నువ్వు దాస్తాండావు, ఔనా? అదే నిజమైతే భయపడాకు. ఏకాదశి పొద్దు మందిరం నడాన నిలబడి, నా వంతు యేసన్న నిలబెట్టినాడని నేనే చెప్తా. నాకేం సిగ్గు లేదు. ఎవురు పిలిచినా పేరు ఒకటే. కాదన్నోళ్ళు రాముని దగ్గిరికే పోయి కాదనమను.

బిరిన జాబు రాయి.

తిమ్మక్క

*

(కార్డు)

గుంతకల్లు,
1-8-2002

అత్తా, కార్డు కాబట్టి క్లుప్తంగా, పోస్టుమాను చదువుతాడు కాబట్టి మర్యాదగా రాస్తున్నాను.

యేసన్న పేరు ఎత్తొద్దు. నీకు దండం పెడతాను. మన ఊరివాళ్ళు రామ మందిరంలో వాడెందుకు నోరు తెరిచాడంటారు. వాళ్ళ చర్చివాళ్ళు రామ మందిరంలో నువ్వెందుకు నోరు తెరిచావంటారు. రెండువైపులా వాడి మైకే మూగబోతుంది. నువ్వు అనుకున్నది నిజం కాదు. పూర్తిగా అబద్ధమూ కాదు. ఇంతకంటే కార్డులో పట్టదు.

ఏకాదశికి నేను రాను. వస్తే నోరు తెరుస్తాను. తెరిస్తే ఏం వస్తుందో నీకు తెలుసు.

వెంకటరాముడు

*

శ్రీరామ

ఎర్రబండపల్లె,
6-8-2002

అల్లుడికి,

నీ కార్డు పోస్టుమాను సదివినాడు, పక్కింటోళ్ళు సదివినారు, కడాకు నాకిచ్చినారు.

యేసన్న పేరు ఎత్తల్యా. ఎవురి పేరూ ఎత్తల్యా. జరిగింది చెప్తా.

ఏకాదశి పొద్దు మందిరం నిండిపోయింది. పెదనాయన తంబూర ఒళ్ళో పెట్టుకోని, “తిమ్మక్కా, నీ నోటితో నువ్వే చెప్పు. ఆ నలభై నిమిషాలు లోపల మీవోళ్ళు ఎవురన్నా ఉండిరా?” అన్న్యాడు.

“లేరు పెదనాయనా.”

“పాడింది ఎవురు?”

“నాకు తెల్దు.”

ఎనక నుంచి అక్కమ్మ, “స్వామే పాడినాడు!” అని అరిచె. నేను తిరుక్కోని, “నువ్వు చూస్తివా? నీ మిద్దె మింద విత్తనం ఎత్తుకుంటా ఉంటివి గదే” అన్న్యా. అందరూ నవ్విరి. పెదనాయన గూడా మీసం కింద నవ్వినాడు, నేను చూసినా.

“అట్లైతే తెగినట్లే గదమ్మా” అన్న్యాడు. ఆయప్ప గొంతులో కోపం లేదు. కట్టు అంటే కట్టే ఆయప్పకు. వాళ్ళ తాత పెట్టింది, వాళ్ళ నాయన నడిపింది.

“నీ లెక్కలో తెగింది. నేను మాటిచ్చినా, దిగుతాం” అని పన్నెండుమందీ లేసి బయటికొచ్చినాం. గడప దాటేటప్పుడు నా కాలు రాలేదు అల్లుడా. నీకు గాబట్టి చెప్తాండా.

లోపల మొగోళ్ళు ఏకాదశి భజన ఎత్తుకున్న్యారు. మేం వాకిట్లో నిలబడి ఉండాం. అక్కమ్మ ఏడుస్తాండాది. ఏమనిపిచ్చిందో తెల్దు, నేను ఆడ్నే, గడప ఇవతల, నామం ఎత్తుకున్న్యా. నా ఎనక పదకొండుమంది అందుకున్న్యారు. తాళాలు లేవు, చేతుల్తో కొట్టినాం.

లోపల ఒక్కసారి తడబడినారు. పెదనాయన గొంతు పెంచినాడు. మేం పెంచినాం. అట్ల ఎంతసేపో. కడాకు ఆయప్ప పాడతానే లేసి, తంబూర ఎత్తుకోనే వాకిట్లోకొచ్చి, ఆపకుండా కండ్లతోనే అడిగినాడు, ఏందిది అని. జట్టులో ఒకరు నామం అందుకుంటే గానీ ఆయప్ప మాట్లాడడు గదా. అందుకున్నాక, “గడప తొక్కగూడదని చెప్తి గదమ్మా” అనె.

“యాడ తొక్కినాం? అవతలే ఉండాం. వాకిట్లో నామం ఎత్తుకున్న జట్టు వంతుకొచ్చినట్ల, లోపలోళ్ళు లేసి ఇయ్యల్ల. ఇది నీ కట్టే గదా పెదనాయనా? మేం వంతుకొచ్చినాం. మేం లోపలికి రాగూడదంటే, వంతునే బయటికి పంపిచ్చు.”

ఆయప్ప చేతిలో తంబూర చూసుకున్న్యాడు. తంబూర కింద పెట్టేదానికి లేదు, చేతి నుంచి చేతికే పోవల్ల, అది గూడా కట్టే. ఎనక్కు తీసుకోని పోదామంటే వాకిట్లో నామం నడుస్తాండాది, పోగూడదు. ఎటూ పోలేక, నా మొగం చూడకుండా, గడప మింద నుంచి తంబూర చాచినాడు. తీసుకున్న్యా. నేను గడప తొక్కల్యా అల్లుడా. భజనే గడప దాటి నా దగ్గిరికొచ్చింది.

ఇంక ప్రతి ఏకాదశికీ మా వంతు వాకిట్లో ఉంటాది. ఎండకు ఎండుతాం, వానొస్తే తడుస్తాం. వస్తే గదా! ఆ పొద్దు పడిందే, మల్లా చుక్క లేదు. మొలకెత్తిన శెనక్కాయ తల వాల్చేసింది. అది ఆయప్ప పని, ఆయప్పనే చూసుకోమన్న్యా.

ఇప్పుడు కేసు లేదు, పంచాయితీ లేదు. నువ్వు ఏం చెప్పినా నాకు పోయేది లేదు, వచ్చేది లేదు. అందుకే ఇప్పుడు అడుగుతాండా. హారన్లో ఇన్న ఆ గొంతు శ్రుతి తప్పుతాండె. తప్పిన ప్రతిసారీ నిలబడి, మల్లా మొదల్నుంచి పట్టుకుంటాండె. నాకు తెలిసిన గొంతు గాదు. ఊళ్ళో ఉండే గొంతులన్నీ నాకు తెలుసు అల్లుడా. నీది ఒక్కటే ఎప్పుడూ ఇనల్యా.

మీ అత్త,
తిమ్మక్క

*

గుంతకల్లు,
11-8-2002

అత్తకు,

ఈసారి మొదట్లో అలంకారాలు లేవు. గమనించి ఉంటావు.

ఆ రోజు పొద్దున సోమందేపల్లెలో యేసన్నతో కలిసి ఆమ్లెట్టు తిన్నాను. స్నానం చేయలేదు. మందిరానికి వచ్చింది భక్తితో కాదు, ఊళ్ళో తిరుగుతున్న ఫ్యాను అదొక్కటే కాబట్టి. నువ్వు పడిపోయినప్పుడు నేనూ ఒక చెయ్యి వేయబోతే, “ముట్టగాకు, ఆమె దీక్షలో ఉండాది” అని అక్కమ్మ తోసేసింది. అందుకని అక్కడే ఉండిపోయాను. తర్వాత వాన, కేకలు, ఒక్కొక్కరే లేచిపోవడం. చివరికి మిగిలినామె పాడుతూనే గుమ్మం దాకా నడిచి, తాళాలు పీట మీద పెట్టి పరుగెత్తింది. అవి పీట మీద ఇంకా ఊగుతున్నాయి. అవి ఊగడం ఆగేలోపు ఎవరో ఒకరు వస్తారనుకున్నాను. ఆగబోతున్నాయి. ఎవరూ రాలేదు. ఎత్తుకున్నాను.

నాకు వచ్చిన నామం ఒకటే, చిన్నప్పుడు నీ ఒళ్ళో విన్నది. రెండోసారికే శ్రుతి తప్పింది, నువ్వు విన్నదే. బదులు పలికేవాడు లేకపోతే అది భజన కాదు, అరుపు. యేసన్న ఆంప్లిఫయర్ మీద గోనెపట్టా కప్పుతున్నాడు. ఊపిరి తీసుకునే సందులో “పలుకు అన్నా” అన్నాను. “నేనా?” అన్నాడు. “ఇంకెవరున్నారు?” గోనెపట్టా వదిలేసి, “పిలిచేదానికి ఏముందిలేప్పా” అని పలికాడు. అందుకే నువ్వు అనుకున్నది పూర్తిగా అబద్ధం కాదన్నాను. పిలిచింది నేను, పలికింది వాడు.

హారన్ మోగినంతసేపు నాకు ఏ ఇబ్బందీ లేదు. నువ్వు ఎదురింట్లో పడుకుని వింటున్నావు. వినపడినంతసేపు నువ్వు ఓడిపోవు. నేను నీ కోసం పాడుతున్నాను, దేవుడితో నాకు లావాదేవీలు లేవు. అలా చెప్పుకుంటే నా డిగ్రీకి కూడా గౌరవంగానే ఉంది.

రెండూ ఇరవైకి కరెంటు పోయింది. హారన్ గొంతు పట్టి నొక్కినట్లు ఆగింది. యేసన్న, “ఇంక నిలుపప్పా, ఎవురికీ ఇనపడదు” అన్నాడు.

నిజమే. వాన శబ్దంలో వాకిట్లో నిలబడినవాడికి కూడా వినపడదు. నీకు వినపడదు. నీ కోసం అనే మాట అక్కడితో చెల్లిపోయింది. నిలిపేసి ఉంటే ఎవరూ పట్టుకోలేరు, నన్ను నేను కూడా పట్టుకోలేను.

ఏమన్నా కనపడిందా అని అడుగుతావు. లేదు. వెలుగు లేదు, శంఖం లేదు. అఖండ దీపం ఊగింది, కిటికీ తెరిచి ఉంది కాబట్టి. మొదట్లో నా గొంతు నాకే రోతగా ఉండింది. కాసేపటికి ఆ రోత పోయింది. ఇంకాసేపటికి అది ఎవరి గొంతని చూసుకోవడం మానేశాను. అంతకుమించి చెప్పడానికి నాకు భాష లేదు, నీ మూడక్షరాలు తప్ప.

తర్వాత వీధిలో పుల్లన్న తాత జట్టు నామం వినిపించింది. వాళ్ళు వాకిట్లో అందుకునేదాకా పాడాను, కట్టు తప్పలేదు. వాళ్ళ తాళాల మోతలో నా గొంతు వాళ్ళకు వినపడలేదు. అప్పుడు సిగ్గు ముంచుకొచ్చింది. దొంగతనంలో దొరికినవాడికి కూడా అంత సిగ్గు ఉండదు. ఆరేళ్ళుగా మందిరం అరుగు మీద కూర్చుని అందరి భక్తినీ ఎగతాళి చేసినవాణ్ణి, చేతిలో తాళాలతో ఎలా దొరకను? తాళాలు పీట మీద పెట్టి, పక్కనున్న యేసన్న పెళ్ళిపాటల క్యాసెట్టు అందుకున్నాను. టేపు అన్న మాట అప్పుడు పుట్టింది. ఆ ఒక్క మాటే అబద్ధం. దాని కోసం నిన్ను ఇరవై రోజులు కాల్చాను. యేసన్న చేత ఒట్టు వేయించుకున్నాను. ఆమ్లెట్టు తిన్న నోటితో పాడానంటే అది కూడా తెగినట్లే అంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం సిగ్గే.

ఈ సంగతి పుల్లన్న తాతకు చెప్పాలనిపిస్తే చెప్పు. తాత ఆమ్లెట్టు సంగతి అడిగితే అది కూడా చెప్పు. ప్రాయశ్చిత్తం చేసుకోమంటే చేసుకోనని చెప్పు. స్నానం చేయనందుకు కానీ, తిన్నందుకు కానీ, యేసన్న చేత పలికించినందుకు కానీ నేను క్షమాపణ అడగను. మొదటి ఉత్తరంలో టోకున అడిగినవన్నీ కూడా వెనక్కి తీసుకుంటున్నాను. వాటిలో ఒక్కటీ నేను చేసింది కాదు.

నేను చేసింది ఒకటే ఉంది. ఎవరికీ వినపడదు, నిలుపమని యేసన్న చెప్పాడు. నిలపలేదు.

వెంకటరాముడు